పేరు లేని బంధం, నింపని ఖానా

వివాహం కాని సహవాసానికి చట్టం ఏ హక్కులు ఇవ్వాలి అనే ప్రశ్న మన దేశంలో 2023 తరువాత బలంగా ముందుకు వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అందుకు కారణం. ఆ కేసులో మొదట పేర్కొనబడిన పిటిషనుదారులు హైదరాబాదులో నివసించే జంట కావడం వలన తెలుగు పత్రికలలో చర్చ మరింత ఎక్కువగా జరిగింది. సంస్కృతి గురించి, పాశ్చాత్య అనుకరణ గురించి ఎందరో వ్రాశారు. అసలు ప్రశ్న మాత్రం ఆ సందడిలో మరుగున పడింది. ఇద్దరు మనుషులు ఒక కప్పు క్రింద పదేళ్ళో ఇరవై ఏళ్ళో బ్రతికిన తరువాత ఒకరు మరణించినా, వదలి వెళ్ళినా, రెండవవారి చేతిలో మిగిలేది ఏమిటి? ఇల్లా, భత్యమా, బాకీయా, లేక ఏమీ లేదా?

ఈ వ్యాసం ఫత్వా కాదు. ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు దస్తావేజులను తెలుగులోకి మార్చడం వృత్తిగా గల ఒకడు చట్టాలను, తీర్పులను, వాటితోబాటు మన నికాహ్‌నామాను కూడ పాఠాలుగా చదివి చేస్తున్న విమర్శ మాత్రమే. పాఠకుల ముందు పెట్టదలచిన మాట ఒక్కటే. బంధానికి ఏ పేరు పెట్టామన్నది బలహీనమైన పక్షాన్ని కాపాడదు. ఆ బంధంలోని షరతులు వ్రాతలో ఉన్నాయా, అవి ఇద్దరికీ అర్థమయ్యే భాషలో ఉన్నాయా, రేపు రుజువు చేయగలమా అన్నవే కాపాడతాయి. ఈ గీటురాయి మీద దేశచట్టాన్ని పరీక్షించి ఊరుకుంటే న్యాయం కాదు. మన ఆచారాన్ని కూడ అదే రాయి మీద గీసి చూడాలి.

ఒక మాట, మూడు అర్థాలు

తెలుగులో 'సహజీవనం' అనే ఒక్క పదం మూడు వేర్వేరు విషయాలకు వాడబడుతున్నది. వివాహం లేకుండ ఇద్దరు కలిసి ఉండడం మొదటిది. ఇది ఒక వాస్తవ స్థితి మాత్రమే. యుక్తవయస్కులు ఇష్టపూర్వకంగా కలిసి ఉండడం నేరం కాదని సుప్రీంకోర్టు పలు సందర్భాలలో చెప్పింది. నేరం కాకపోవడం వేరు, హక్కు పుట్టడం వేరు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలో కనిపించే 'వివాహ స్వభావం గల సంబంధం' రెండవది. పెండ్లి జరగకున్నా పెండ్లి వంటిదే అని న్యాయస్థానం అంగీకరిస్తే కొన్ని రక్షణలు లభిస్తాయి. మూడవది విదేశాలలో ఉన్న నమోదిత బంధం. దానిని 'పౌర బంధం' అందాము. ఇద్దరు అధికారి ఎదుట సంతకం చేస్తారు, హక్కులు ఆనాటి నుంచే మొదలవుతాయి.

మొదటిదానిలో హక్కు లేదు. రెండవదానిలో తగవు వచ్చిన తరువాత న్యాయమూర్తి తేల్చితేనే హక్కు. మూడవదానిలో తగవు రాకముందే హక్కు. ఇంత భేదం ఉన్న మూడింటికీ ఒకే మాట వాడినప్పుడు చదువరి మొదటిదాని మీద ఉన్న కోపంతో మూడవదాన్ని ఖండిస్తాడు, లేదా మూడవదాని మీది ఆశతో మొదటిదానిలో అడుగు పెడతాడు. రెండూ ప్రమాదమే.

న్యాయమూర్తి తేల్చే హక్కు

2010 అక్టోబరులో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు 'వివాహ స్వభావం గల సంబంధం' అనే మాటకు నాలుగు గుర్తులు చెప్పింది. ఇద్దరూ సమాజం ముందు భార్యాభర్తలవలె మెలగి ఉండాలి. వివాహ వయస్సు వచ్చి ఉండాలి. వివాహానికి ఇతరత్రా అర్హులై, అనగా అవివాహితులై ఉండాలి. గణనీయమైన కాలం ఇష్టపూర్వకంగా కలిసి ఉండాలి. వీటితోబాటు చట్టం కోరినట్లు ఒకే ఇంట కాపురం ఉండి ఉండాలి. ఈ గుర్తులు కుదిరితే ఆ స్త్రీ హింస నుంచి రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, ఉన్న ఇంటిలో నివాసం కోరవచ్చు, డబ్బు సహాయం కోరవచ్చు. వారసత్వం మాత్రం ఈ చట్టంలో లేదు. మరణించిన ఉద్యోగి పింఛనుకు కూడ ఈ చట్టం దారి చూపదు.

ఆ తీర్పులో వాడిన ఒక ఇంగ్లీషు పదం మీద ఆనాడే అభ్యంతరం వచ్చింది. తెలుగులో దానికి సరిపోయే మాట 'ఉంచుకున్నది'. అటువంటి పదాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం వాడవచ్చునా అని అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ బహిరంగంగా ప్రశ్నించారు. మన భాషలో చూసినా ఆ మాటలోని అన్యాయం తెలుస్తుంది. ఉంచుకొన్నవాడు పురుషుడు, పేరు మోసేది స్త్రీ. పనిచేసినవానికి పేరు లేదు. పడినదానికే పేరు, ఆ పేరుతోనే హక్కు పోవడం కూడ.

2013 నవంబరులో ఇంద్రా శర్మ కేసు వచ్చింది. అతనికి భార్య ఉన్నదని తెలిసి కూడ అనేక సంవత్సరాలు కాపురం చేసిన స్త్రీకి గృహహింస చట్టం వర్తించదని కోర్టు తీర్పు చెప్పింది. చెబుతూనే, ఇటువంటి స్త్రీలు, వారి పిల్లలు నిరాధారులవుతున్నారని గుర్తించి పార్లమెంటు ఆలోచించాలని కోరింది. కష్టం ఉన్నదని ఒప్పుకొంటూ మందు మరొకరిని అడగమనడం ఈ విషయంలో మన న్యాయస్థానాలకు అలవాటైన పద్ధతి. పదేళ్ళ తరువాత వచ్చిన తీర్పులోనూ అదే చూస్తాము.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. చాలా కాలం భార్యాభర్తలుగా బ్రతికినవారిని వివాహితులుగానే భావించాలనే సూత్రం కొత్తది కాదు. దాదాపు 50 ఏళ్ళు కలిసి బ్రతికిన జంట విషయంలో 1978లో సుప్రీంకోర్టు దానిని వర్తింపజేసింది. ముస్లిం న్యాయంలోనూ దీర్ఘకాల సహవాసం, భార్య అని బహిరంగంగా అంగీకరించడం నికాహ్ జరిగిందనడానికి ఊహాధారం అవుతాయి. దానిని ఖండించే రుజువు వస్తే ఆ ఊహ నిలువదు. అంటే దేశ న్యాయం, షరీఅత్ న్యాయం రెండూ ఒకే భయాన్ని ఎరిగి ఉన్నాయి. సాక్షులు మరణించవచ్చు, కాగితం పోవచ్చు, స్త్రీ నడివీధిలో నిలువకూడదు. కాని ఊహ మీద నిలిచే హక్కు ఇరుగుపొరుగువారి సాక్ష్యం మీద ఆధారపడుతుంది. అద్దె ఇండ్లు మారుతూ బ్రతికే కుటుంబానికి ఆ సాక్ష్యం ఎవరు చెబుతారు?

2023 తీర్పు: పేరు, సరుకు

ఇక రాజ్యాంగ ధర్మాసనం తీర్పు. వివాహం చేసుకొనే హక్కు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా లేదని ఐదుగురు న్యాయమూర్తులూ ఏకీభవించారు. స్వలింగ జంటల సహవాసాన్ని రాజ్యం పౌర బంధంగా గుర్తించాలని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, అంతకుముందు తెలంగాణ ఉన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ పి.ఎస్. నరసింహ అది శాసనసభల పని అన్నారు. ముగ్గురి మాటే తీర్పయింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడ కొట్టివేయబడ్డాయి.

స్వలింగ జంటల నికాహ్‌ను ఫిఖహ్ మజ్‌హబులలో ఏదీ అంగీకరించదు. ఇందులో సందిగ్ధం లేదు, దాచవలసినదీ లేదు. కాని ఆ కారణంగా తీర్పును చదవకుండానే పక్కన పెట్టిన మనవారు ఒక భేదాన్ని విస్మరించారు. ఆసుపత్రిలో రోగిని చూడడానికి అనుమతి, బ్యాంకులో ఉమ్మడి ఖాతా, రేషను కార్డులో పేరు, ఇంటిలో హింస నుంచి రక్షణ – ఇవి నికాహ్ వలన పుట్టే హక్కులు కావు. ఒక దేశంలోని పౌరునికి, పౌరుడైనందుకు, రాజ్యం చేయవలసిన పనులు. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఇటువంటి విషయాలను పరిశీలించే కమిటీని వేస్తామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. 2024లో ఉమ్మడి ఖాతాలకు, నామినీగా పేరు వ్రాయడానికి అడ్డంకి లేదని కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. వివాహ నిర్వచనం మారకుండానే ఆ పని జరిగింది. వివాహ నిర్వచనాన్ని కాపాడుకోవడానికి ఇతరుల నిత్యావసరాలను అడ్డుకోవలసిన పని లేదని దీనివలన తెలుస్తున్నది.

విమర్శకునిగా ఆ తీర్పులో నాకు కనిపించిన లోపం వేరు. పౌర బంధం అనే పేరు ఇవ్వాలన్న ఇద్దరూ దానిలో ఏ హక్కులు ఉంటాయో తేల్చి వ్రాయలేదు, ఆ జాబితాను కమిటీకి వదిలారు. పేరు ఇవ్వరాదన్న ముగ్గురూ ఆ జంటలకు కలుగుతున్న నష్టాన్ని కాదనలేదు, దాన్ని శాసనకర్తలకు వదిలారు. ఒకరు ఖాళీ సంచికి పేరు వ్రాశారు. ఒకరు సంచే వద్దన్నారు. సరుకు మాత్రం ఎవరూ చూపలేదు.

నమోదు: ఇష్టమా, శిక్షా?

ఫ్రాన్సు దేశం 1999లో వివాహానికి భిన్నమైన పౌర ఒప్పందాన్ని ప్రవేశపెట్టింది. స్వలింగ జంటల కొరకు అడిగిన చట్టమే అయినా ఈనాడు దానిని ఎంచుకొంటున్నవారిలో అత్యధికులు స్త్రీపురుష జంటలు. అందులో పరస్పర సహాయం చేయవలసిన బాధ్యత ఉన్నది, పన్నుల సౌలభ్యం ఉన్నది. ఏ ఒక్కరైనా తెంచుకోవచ్చు. వీలునామా లేకుంటే వారసత్వం మాత్రం లేదు. మెచ్చుకొన్నా మెచ్చుకోకపోయినా, లోపల ఏమున్నదో సంతకం చేసేవానికి ముందే తెలుసు. ఇంగ్లండులో 2005 నుంచి పౌర బంధం అమలులోకి వచ్చింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, 2019 డిసెంబరు 31 నుంచి స్త్రీపురుష జంటలకు కూడ అది లభించింది.

మన దేశంలో ఉత్తరాఖండ్ మరొక దారి పట్టింది. 2024లో చేసి 2025 జనవరి 27న అమలులోకి తెచ్చిన ఉమ్మడి పౌర స్మృతిలో, కలిసి కాపురం ఉండే స్త్రీపురుషులు నెలలోగా నమోదు చేసుకోకుంటే మూడు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా అని నిర్దేశించింది. సమాచారం పోలీసు ఠాణాకు వెళ్ళాలి. ఇద్దరిలో ఎవరికైనా 21 ఏళ్ళు నిండకుంటే తల్లిదండ్రులకూ తెలుపాలి. అదే చట్టం వదలివేయబడిన స్త్రీకి భరణం అడిగే హక్కు ఇచ్చింది, పిల్లలను సక్రమ సంతానంగా గుర్తించింది. ఈ రెండు నిబంధనలు మంచివే. కాని నమోదుకు రావడమంటే పోలీసుల దృష్టికి రావడమే అయినప్పుడు కులాంతరంగానో మతాంతరంగానో కలిసిన జంట నమోదుకు వస్తుందా? రానిదానికి శిక్ష ఉన్నది కనుక, అటువంటి జంటలో స్త్రీని రేపు వదలివేసినా ఆమె భరణం అడగడానికి జంకుతుంది. తన నేరాన్ని తానే చెప్పుకొని హక్కు అడగవలసి వస్తుంది. హక్కును శిక్షతో ముడిపెట్టిన చట్టం హక్కు ఎవరికి అవసరమో వారినే దూరం చేస్తుంది.

ఇక మన ఇంటి సంగతి

ఇంతవరకు ఇతరుల పాఠాలను చదివాము. 'మాకు ఈ బాధలు లేవు, మా నికాహ్ పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఒప్పందం' అని మనవారు గర్వంగా చెబుతారు. మాట నిజమే. 1886లో అలహాబాదు హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ నికాహ్‌ను సంస్కారం కాదు, పౌర ఒప్పందం అన్నారు. మహర్‌ను ఆయన అమ్మకపు ధరతో పోల్చడాన్ని 1933లో అదే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సులైమాన్ సరిదిద్దారు. దివ్యఖుర్ఆన్ (4:21) ఈ బంధాన్ని 'మీసాఖె గలీజ్' అన్నది. దృఢమైన వాగ్దానం అని దాని భావం. కాబట్టి నికాహ్ వట్టి బేరం కాదు, ఒప్పందం కాకుండానూ పోదు. ఒప్పందమైతే దానిలో షరతులు ఏవి, అవి ఎక్కడ వ్రాసి ఉన్నాయి అని అడగడం అధర్మం కాదు.

పేరు మాత్రమే ఉండి కాగితం లేకుంటే ఏమవుతుందో లండను కేసు చెబుతుంది. 1998లో అక్కడ ఒక జంటకు నికాహ్ జరిగింది. పౌర వివాహం తరువాత చేసుకొందామనుకొన్నారు. భార్య ఎన్నిసార్లు అడిగినా అది జరగలేదు. నలుగురు పిల్లలు పుట్టారు. విడిపోయినప్పుడు, అసలు వివాహమే లేదు గనుక భార్యగా ఆమె అడగడానికి ఏమీ లేదని భర్త వాదించాడు. 2018లో ఒక న్యాయమూర్తి అది చెల్లని వివాహమనీ, కనుక ఆర్థిక హక్కులు అడగవచ్చుననీ అన్నారు. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ మాట కొట్టివేసి, ఆ నికాహ్‌ను చట్టం దృష్టిలో లెక్కకు రాని వేడుకగా తేల్చింది. అల్లాహ్ సాక్షిగా జరిగిన నికాహ్ ఆ దేశ చట్టంలో సహజీవనం క్రింద జమ అయింది. బ్రిటనులో బిడ్డను ఇచ్చే మన తెలుగు ముస్లిం కుటుంబాలు ఈ ఒక్క విషయం తెలుసుకొన్నా మేలు.

మన దేశంలో ఆ ప్రమాదం లేదు, నికాహ్ చెల్లుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వివాహాల తప్పనిసరి నమోదు చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది, తెలంగాణలోనూ అదే నడుస్తున్నది. 2014లో షాదీ ముబారక్ పథకం వచ్చిన తరువాత కాగితం కోసం ఖాజీ దఫ్తరుకూ, వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగానికీ తిరగడం పేద ఇండ్లకు కూడ అలవాటయింది. కాగితం ఉన్నది. ఆ కాగితంలో ఏమున్నది?

నికాహ్‌నామాను పాఠంగా చదివితే

సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ ప్రాంతాలలో నేటి వధువు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన పిల్ల. ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, ఉర్దూ లిపి చదవలేదు. ఆమె సంతకం చేసే సియాహా ఉర్దూలో ఉంటుంది. తన జీవితంలో అన్నింటికంటె పెద్ద ఒప్పందం మీద, చదవలేని భాషలో సంతకం చేస్తుంది. బ్యాంకు అప్పు కాగితం విషయంలో ఇది జరిగితే అందరం కేకలు వేస్తాము.

అందులోని ఒక్క పదాన్ని చూడండి. మహర్ రెండు విధాలు. అడిగిన వెంటనే చెల్లించవలసినది ఒకటి, గడువు మీద, అనగా మరణం వలననో విడాకుల వలననో బంధం ముగిసినప్పుడు చెల్లించవలసినది మరొకటి. అరబ్బీలో మొదటిది అయిన్ అక్షరంతో 'ముఅజ్జల్', తొందర అనే ధాతువు నుంచి వచ్చినది. రెండవది హమ్జాతో 'ముఅజ్జల్', గడువు అనే ధాతువు నుంచి వచ్చినది. ఉర్దూవారు రెండవదాన్ని 'మువజ్జల్' అని పలికి కొంత తేడా చూపుతారు. తెలుగు లిపిలో అయిన్‌కూ హమ్జాకూ వేర్వేరు అక్షరాలు లేవు. ఎవరో 'ముఅజ్జల్ మహర్ యాభై వేలు' అని తెలుగులో వ్రాస్తే, ఆ యాభై వేలు ఈ రోజు ఇవ్వవలసినదో, చావు తరువాత ఇవ్వవలసినదో చదివినవారికి తెలియదు. ఒక్క అక్షరంలో ఒక స్త్రీ హక్కు తలక్రిందులవుతుంది. కనుక తెలుగులో లిప్యంతరీకరణ చాలదు. 'తక్షణ మహర్', 'గడువు మహర్' అని అర్థం వ్రాయాలి.

అంతకంటె పెద్ద పొరపాటు మహర్‌ను 'కట్నం' అనడం. కోర్టు కాగితాల తెలుగులో ఇది కనిపిస్తూనే ఉన్నది. కట్నం వధువు ఇంటి నుంచి పోయేది, మహర్ వధువుకు వచ్చేది. 1961 వరకట్న నిషేధ చట్టమే తన నిర్వచనంలో మహర్‌ను మినహాయించింది. చట్టం వేరుచేసినదాన్ని అనువాదకుడు కలిపివేస్తే, తనకు రావలసిన బాకీ అడుగుతున్న స్త్రీ నిషిద్ధమైన సొమ్ము అడుగుతున్నట్లు కనిపిస్తుంది. భాష ఇలా చెడడానికి మన ఆచారమే దారి ఇచ్చింది. 'జోడే కీ రఖమ్' పేరుతో వరుడు తీసుకొనే నగదు వేదిక మీదకు రాకముందే చేతులు మారుతుంది, మహర్ మాత్రం కాగితం మీదనే ఉండిపోతుంది. ఇచ్చేది అప్పు, పుచ్చుకొనేది నగదు అయినచోట రెండు మాటలూ ఒకటిగా వినపడడంలో వింత ఏమున్నది?

చెల్లించని మహర్ భర్త మీద ఉన్న ఋణం. అతడు మరణిస్తే వారసులు పంచుకొనే ముందే ఆస్తి నుంచి ఆ ఋణం తీరాలి. ఆ తరువాతనే భార్యకు వారసురాలిగా సంతానం ఉంటే ఎనిమిదవ వంతు, లేకుంటే నాలుగవ వంతు. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికంటె పెద్దదైన ఆయత్ (2:282) గడువు మీద ఇచ్చిన అప్పును వ్రాసుకోవడం గురించినది. పదివేల చేబదులుకు చీటీ అడిగే సమాజం, గడువు మహర్ ఉన్న ఖానాలో తేదీ లేకుండ, భాగం చెప్పకుండ, ఒక్కోసారి ఖాళీగానే విడిచిపెట్టడం ఏ వాక్యంతో సమర్థించుకుంటుంది? మహర్ పేర్కొనకున్నా నికాహ్ చెల్లుతుందనీ, అప్పుడు ఆమె పుట్టింటి స్త్రీల స్థాయిని బట్టి మహరె మిస్ల్ వస్తుందనీ హనఫీ న్యాయం చెబుతుంది. అది ఆపదలో రక్షణ. అలవాటుగా ఖానా నింపకపోవడానికి అనుమతి కాదు.

షరతుల సంగతి కూడ అంతే. భర్త తన తలాఖ్ అధికారాన్ని నిర్ణీత పరిస్థితులలో భార్యకు అప్పగించే 'తఫ్‌వీజ్' పద్ధతి హనఫీ గ్రంథాలలో ఉన్నదే. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930 దశకం తొలినాళ్ళలో వెలువరించిన 'అల్ హీలతున్ నాజిజా'లో నికాహ్ సమయంలోనే దానిని వ్రాసుకొనే విధానం సూచించారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం రావడానికి ఆ గ్రంథం తోడ్పడింది. 1961 నాటి చట్టం తరువాత పాకిస్తాన్ నికాహ్‌నామాలో ఇందుకు 18వ ఖానా ఏర్పడింది. దారి చూపినవారు మన దేశపు ఆలిమ్‌లే, నడిచినవారు పొరుగువారు.

దీనికి పెద్దలు చెప్పే అభ్యంతరం తెలిసినదే. 'శుభమా అని పెండ్లి చేస్తూ విడాకుల షరతు వ్రాయమంటారా? వరుని ఇంటివారు లేచిపోతారు.' ఈ మాటలో బాధ ఉన్నది, కాదనను. ఆడపిల్ల తండ్రి ఆ క్షణంలో ఎంత బలహీనుడో అందరికీ తెలుసు. అందుకే ఈ పని ఒక్కొక్క తండ్రికి వదలరాదు. ప్రతి సియాహాలో ముందే అచ్చువేసిన ఖానా ఉంటే, ప్రతి నికాహ్‌లో ఖాజీ దానిని చదివి అడిగితే, అడిగిన నింద ఏ ఒక్కరి మీదా పడదు. అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో ఒక నమూనా నికాహ్‌నామా ప్రకటించింది. దానిలోని లోపాలు చర్చించవచ్చు. మసీదు కమిటీలు అటువంటి నమూనాను చర్చకైనా తీసుకోకపోవడం అంతకంటె పెద్ద లోపం.

కోర్టులు చదివిన తీరు

మనం నింపని ఖానాలను చివరకు కోర్టులు నింపుతున్నాయి. 1977లో నివేదించబడిన హుస్సేన్–రాజమ్మ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు షియా సంప్రదాయంలోని ముతా గురించి ఒక మంచి సూత్రం చెప్పింది. ముతా అనే మాట వాడినా కాలపరిమితి పేర్కొనకుంటే అది జీవితకాలపు వివాహమే. బంధాన్ని తాత్కాలికం చేసేది పేరు కాదు, గడువు షరతు. ఈ వ్యాసం మొదట చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సాధారణ భరణ నిబంధన క్రింద కూడ హక్కు అడగవచ్చుననీ, 1986 చట్టం దానికి అడ్డు కాదనీ తేల్చింది. ఆ కేసులో కుటుంబ న్యాయస్థానం నెలకు ఇరవై వేలు విధిస్తే హైకోర్టు పదివేలకు తగ్గించింది. ఆ పదివేల కోసం విషయం ఢిల్లీ దాకా వెళ్ళింది. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు ఖులా విషయంలో, భర్త ఒప్పుకోలు అవసరం లేదనీ, ముఫ్తీ పాత్ర సలహాకే పరిమితమనీ తీర్పు ఇచ్చింది. ఖులాకు భర్త అంగీకారం కావాలని హనఫీ ఆలిమ్‌లలో అధికులు ఈ తీర్పుతో విభేదిస్తారు. విభేదించే హక్కు వారికి ఉన్నది. కాని తఫ్‌వీజ్ ఖానా నింపి ఉంటే ఇటువంటి స్త్రీకి కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరమే తగ్గేది, ఆ విభేదానికీ సందర్భం ఉండేది కాదు. మన గ్రంథంలోని మార్గాన్ని మనం మూసి, పరాయి మార్గం తెరిచారని నిందించడం సబబు కాదు.

చేయదగినవి

పెద్ద సంస్కరణలు అక్కరలేదు. సిద్దిపేట జిల్లాలో ఖాజీలు, మసీదు కమిటీలు పూనుకొంటే ఒక సంవత్సరంలో నాలుగు పనులు చేయవచ్చు. సియాహాను ఉర్దూతోబాటు తెలుగులోనూ అచ్చువేయడం. తక్షణ మహర్ ఎంత, గడువు మహర్ ఎంత అని వేర్వేరు ఖానాలలో అంకెలతోనూ అక్షరాలతోనూ వ్రాయడం. ఈజాబ్, ఖబూల్‌కు ముందు వాటిని వధువుకు తెలిసిన భాషలో చదివి వినిపించి, ఒక ప్రతి ఆమె చేతికే ఇవ్వడం. 2002 చట్టం క్రింద నమోదు జరిగేదాకా ఆ బాధ్యత ఖాజీ దఫ్తరు వదలకుండ ఉండడం. వీటిలో ఏదీ షరీఅత్‌కు విరుద్ధం కాదు, ఏదీ కొత్త చట్టం కోరదు. వీటి ఖర్చు షామియానా అద్దెకంటె తక్కువ.

సహజీవనంలో స్త్రీకి రక్షణ లేదని మనం చెప్పే మాట చాలావరకు నిజం. ఆ మాట చెప్పే అర్హత మన నికాహ్‌లో రక్షణ ఎంత స్పష్టంగా వ్రాసి ఉన్నదో దాన్ని బట్టి వస్తుంది. బీడీలు చుట్టి ఇల్లు నడిపే దుబ్బాక ఇల్లాలి భర్త వదలిపోయిన రోజున, ఆమె పెట్టెలోని కాగితం ఆమెకు అర్థమయ్యే మాటలలో ఇంత బాకీ ఉన్నదని చెప్పగలగాలి. అది చెప్పలేకపోతే, పేరున్న బంధంలో ఉన్న ఆమెకూ పేరు లేని బంధంలో ఉన్న మరొక స్త్రీకీ కోర్టు గుమ్మం ముందు తేడా చాలా తక్కువ.